ఆరుతున్న బొట్టులో బంగారు స్ఫటికాల బారులు

ఐదు నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) వ్యాసం ఉన్న బంగారు స్ఫటికంలో సుమారు 3,900 పరమాణువులు ఉంటాయి. తిరుపతి గాంధీ రోడ్డులోని నగల దుకాణంలో కనిపించే బంగారు బిళ్ళలో పరమాణువులు ఏ పద్ధతిలో పేర్చుకొని ఉంటాయో, ఈ చిన్న స్ఫటికంలోనూ చాలావరకు అదే పద్ధతిలో, అంటే ఘనం మూలల్లోనూ ప్రతి ముఖం మధ్యలోనూ ఒక్కో పరమాణువు ఉండే ఫలక కేంద్రిత ఘన జాలకంగా పేర్చుకొని ఉంటాయి. అంతవరకు పాఠ్యపుస్తకంలో ఉన్నదే. అయితే ఒకే పరిమాణం గల ఇటువంటి స్ఫటికాలను టోలీన్ అనే సేంద్రియ ద్రావణిలో కలిపి, ఆ ద్రావణం నుంచి ఒక బొట్టు తీసి, కార్బన్ పొర పరచిన రాగి గ్రిడ్ (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో నమూనాను నిలిపే సన్నని జల్లెడ) మీద వేసి నింపాదిగా ఆరనిచ్చినప్పుడు, ఆ స్ఫటికాలే పరమాణువుల స్థానంలో కుదురుకొని తమ మధ్య మరొక జాలకాన్ని కట్టుకుంటాయి. బంగారంలో పక్కపక్క పరమాణువుల కేంద్రాల మధ్య దూరం 0.288 నానోమీటర్లు కాగా, ఈ రెండో జాలకంలో పక్కపక్క స్ఫటికాల కేంద్రాల మధ్య దూరం దాదాపు ఏడు నానోమీటర్లు ఉంటుంది. స్ఫటికాలతో కట్టిన ఈ స్ఫటికాన్నే సూపర్ లాటిస్ అంటారు.

నేను తిరుపతిలో రసాయనశాస్త్రం బోధిస్తాను. పీజీ తరగతిలో ఈ అమరిక ఫొటో చూపించినప్పుడల్లా ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, ఎవరూ చెప్పకుండానే అవి అట్ల వరసగా ఎట్ల నిలబడతాయి?" పక్క బెంచీ నుంచి వెంటనే వచ్చే జవాబు, అవి ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి కాబట్టి అని. ఆ జవాబు వినడానికి సబబుగానే ఉంటుంది, కానీ ప్రయోగశాలలో నిలబడదు. ఆకర్షణ బలంగా ఉన్నచోట బారులు రావు, గడ్డలు వస్తాయి. బారులు రావాలంటే కణాలన్నీ ఒకే కొలతలో ఉండాలి, వాటికి కదలడానికి వీలుండాలి, ఆ కదలికలో సరైన చోటు వెతుక్కునేంత వ్యవధి దొరకాలి. ఈ విషయాన్ని కొంచెం వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

బంగారాన్ని ద్రవంలో ఇంత సన్నని కణాలుగా నిలపడం కొత్త విద్య కాదు. మైకేల్ ఫారడే 1857లో బంగారు లవణాన్ని భాస్వరంతో క్షయకరణం చేసి కెంపు రంగు ద్రావణాలను తయారుచేశాడు. వాటిలో కొన్ని లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. 1951లో జాన్ టర్కెవిచ్ బృందం మరుగుతున్న క్లోరోఆరిక్ ఆమ్లంలో సోడియం సిట్రేట్ కలిపే పద్ధతిని ప్రచురించింది. మా విద్యార్థులు మొదట నేర్చుకునేది ఇదే, ఎందుకంటే దీనికి ఒక హాట్ ప్లేటు, శుభ్రమైన గాజుసామాను, కొంచెం ఓపిక ఉంటే చాలు. లేత పసుపు ద్రావణం కాసేపటికి రంగు కోల్పోయి, నల్లబారినట్లై, ఊదాలోకి తిరిగి, చివరికి ఎర్రగా తేరుకుంటుంది. ఆ ఎరుపు బంగారంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు కాంతితో పాటు సామూహికంగా ఊగుతూ 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గరి ఆకుపచ్చ కాంతిని పీల్చుకోవడం వల్ల వచ్చేది.

శుభ్రమైన గాజుసామాను అన్న మాటను తేలికగా తీసుకోకూడదు. మా ఊళ్ళో బోరు నీళ్ళ కాఠిన్యం అందరికీ తెలిసిందే. బకెట్లకు, కుళాయిలకు పట్టే తెల్లని పొరే దానికి సాక్ష్యం. ఫ్లాస్కును ద్రవరాజంతో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) కడిగిన తరువాత కూడా చివరిసారి బోరు నీళ్ళతో జాడించి వదిలేస్తే, గోడలకు అంటిన కాల్షియం, మెగ్నీషియం అయాన్లు సిట్రేట్ అంటిన బంగారు కణాలను ఒకదానికొకటి దూరంగా ఉంచే రుణావేశాన్ని కప్పివేస్తాయి. అప్పుడు ఎరుపు నిలవదు, ద్రావణం నీలిరంగుకు తిరిగి అడుగున నల్లని మడ్డి దిగుతుంది. స్వేదనజలంతో ఎన్నిసార్లు కడిగినా ఎక్కువ కాదని నేను పిల్లలకు చెప్పేది అందుకే.

ఈ మడ్డిలో ఏముందో చూస్తే అసలు విషయం బోధపడుతుంది. 1984లో డేవిడ్ వైట్జ్, ఒలివేరియా ఇలా గుమిగూడిన బంగారు కణాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించి, ఆ గుంపులు ఫ్రాక్టల్ ఆకారంలో, అంటే దగ్గర నుంచి చూసినా దూరం నుంచి చూసినా ఒకేలా కొమ్మలు చీలినట్లు ఉంటాయని, వాటి ఫ్రాక్టల్ మితి దాదాపు 1.75 అని తేల్చారు. గట్టి ముద్ద అయితే ఆ విలువ 3 ఉండాలి. దీని అర్థం ఏమిటంటే, ఆవేశపు రక్షణ పోయిన కణాలు ద్రవంలో తిరుగుతూ ఎక్కడ ఒకదానికొకటి తగిలితే అక్కడే అతుక్కుపోతాయి, అతుక్కున్న తరువాత పక్కకు జరిగి మరింత మంచి చోటు చూసుకునే అవకాశం వాటికి ఉండదు. అందువల్ల లోపల ఖాళీలతో, కొమ్మలు కొమ్మలుగా, ఎక్కడా వరస అనేది లేకుండా గుంపు పెరుగుతుంది. లోహ కణాల మధ్య వాండర్ వాల్ ఆకర్షణ చాలా గట్టిది. రెండు బంగారు కణాలు నేరుగా తాకితే గది ఉష్ణోగ్రత దగ్గర అణువులకు ఉండే ఉష్ణ చలనశక్తి వాటిని విడదీయలేదు.

కాబట్టి చేయవలసిన పని ఆకర్షణను పెంచడం కాదు, తగినంతగా తగ్గించడం. దీనికి రసాయనశాస్త్రజ్ఞులు కనుగొన్న ఉపాయం కణం చుట్టూ పొడవైన సేంద్రియ అణువుల తొడుగు వేయడం. 1994లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో బ్రస్ట్, షిఫ్రిన్‌లు తమ సహచరులతో కలిసి ప్రచురించిన పద్ధతి ఈ రంగాన్ని మార్చివేసింది. నీటిలోని బంగారు లవణాన్ని టెట్రాఆక్టైల్ అమ్మోనియం బ్రోమైడ్ సాయంతో టోలీన్‌లోకి తరలించి, దానిలో డోడికేన్ థయోల్ కలిపి, ఆ తరువాత సోడియం బోరోహైడ్రైడ్ నీటి ద్రావణాన్ని గట్టిగా కలియబెడుతూ కొంచెం కొంచెంగా చేరుస్తారు. పై పొర నారింజ రంగు నుంచి ముదురు గోధుమ రంగులోకి మారడాన్ని కళ్ళారా చూడవచ్చు. థయోల్‌లోని గంధకం బంగారానికి పట్టుకొని ఉంటుంది, పన్నెండు కార్బన్ల తోక టోలీన్‌లోకి చాచుకొని ఉంటుంది. ఇలా వచ్చిన కణాలను ఆల్కహాల్‌తో అవక్షేపించి, ఆరబెట్టి, పొడిగా సీసాలో దాచుకొని, మళ్ళీ కావలసినప్పుడు టోలీన్‌లో కరిగించుకోవచ్చు. ఫారడే నాటి ద్రావణాలకు ఈ సదుపాయం లేదు.

తోకల పొడవు సుమారు 1.7 నానోమీటర్లు. రెండు కణాలు పక్కపక్కన చేరినప్పుడు వాటి తోకలు కొంతమేరకు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోవడం వల్ల వాటి మధ్య ఖాళీ రెండు తోకల మొత్తం పొడవు కంటే తక్కువగా, ఒకటిన్నర నుంచి రెండు నానోమీటర్ల వరకు ఉంటుంది. ఆ చిన్న ఖాళీయే ఆకర్షణను అదుపులో ఉంచుతుంది. కణాలు దగ్గరకు రాగలవు, తిరిగి విడిపోగలవు. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ అధునాతన శాస్త్ర పరిశోధన కేంద్రంలో జాన్ థామస్, జి.యు. కులకర్ణి, సి.ఎన్.ఆర్. రావు 2000లో పల్లాడియం కణాల మీద చేసిన పని ఈ సందర్భంలో నాకు చాలా ఇష్టమైనది. కణం వ్యాసాన్నీ థయోల్ గొలుసు పొడవునూ విడివిడిగా మార్చుకుంటూ పోయి, ఈ రెండింటి నిష్పత్తి ఒక పరిధిలో ఉన్నప్పుడు మాత్రమే చక్కని షడ్భుజాకార వరసలు వస్తాయని వారు చూపించారు. పెద్ద కణానికి పొట్టి తోకలు పెట్టినా, చిన్న కణానికి మరీ పొడవు తోకలు పెట్టినా వరస చెడుతుంది.

ఇక కొలత సంగతి. కణాల వ్యాసాల్లో ప్రామాణిక విచలనం సగటులో సుమారు ఐదు నుంచి ఏడు శాతం దాటిందంటే దూరం వరకు సాగే వరసలు రావు. ఐదు నానోమీటర్ల కణానికి ఐదు శాతం అంటే పావు నానోమీటరు, బంగారంలో ఒక పరమాణు పొర మందం! బ్రస్ట్ పద్ధతిలో వచ్చే కణాలు ఒకటి నుంచి మూడు నానోమీటర్ల వరకు రకరకాలుగా ఉంటాయి కనుక, వాటిని అలాగే వాడితే లాభం లేదు. వేరుచేయడానికి పాత పద్ధతి ఒకటి ఉంది. ద్రావణంలో ఇథనాల్ బొట్టు బొట్టుగా చేరుస్తూ పోతే ముందుగా పెద్ద కణాలు దిగుతాయి, ఎందుకంటే వాటి మధ్య ఆకర్షణ ఎక్కువ. వాటిని అపకేంద్రణంతో తీసివేసి, మరికొంత ఇథనాల్ చేరిస్తే తరువాతి కొలతవి దిగుతాయి. ఇంతకంటే నాకు నచ్చినది కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో లిన్, సోరెన్‌సెన్, క్లాబుండే 2000లో వివరించిన పద్ధతి. కణాలను అధిక మోతాదు థయోల్‌తో పాటు టోలీన్‌లో మరిగిస్తే, పెద్దవి తరుగుతూ చిన్నవి పెరుగుతూ అన్నీ ఒక కొలతకు చేరుకుంటాయి. దీన్ని డైజెస్టివ్ రైపెనింగ్ అంటారు. సాధారణంగా స్ఫటికాలు పెరిగేటప్పుడు పెద్దవి చిన్నవాటిని మింగి ఇంకా పెద్దవి కావడమే మనం చదువుకున్నది. ఇక్కడ జరిగేది దానికి సరిగ్గా తలకిందులు. ప్రయోగం మొత్తంలో విద్యార్థి శ్రమలో ముప్పాతిక భాగం ఈ దశలోనే ఖర్చవుతుంది, పరిశోధన పత్రాల్లో మాత్రం దీనికి దక్కేది ఒక్క పేరా.

సరే, కొలత కుదిరింది, ఆకర్షణ తగ్గింది. మరి వరసలో నిలబెట్టేది ఏది? ఎంట్రోపీ. ఎంట్రోపీ అంటే గందరగోళానికి కొలత అని ఇంటర్‌లో బట్టీ పట్టినవారికి ఇది మింగుడుపడదు. 1957లో ఆల్డర్, వైన్‌రైట్ ఆనాటి కంప్యూటర్‌తో గట్టి గోళాల చలనాన్ని లెక్కించారు. ఆ గోళాల మధ్య ఆకర్షణ అసలే లేదు, తాకినప్పుడు వెనక్కు తగ్గడం తప్ప మరే బలమూ లేదు. అయినా సాంద్రత పెరిగేసరికి అవి స్ఫటికంగా మారాయి. గోళాలు మొత్తం ఘనపరిమాణంలో 49.4 శాతం ఆక్రమించే వరకు ద్రవంగానే ఉంటాయని, 54.5 శాతం దాటితే అంతా స్ఫటికమేనని తరువాతి లెక్కలు తేల్చాయి. 1986లో ప్యూసీ, వాన్ మేగన్ పాలిమర్ గోళాలతో ఈ మార్పును ప్రయోగంలో చూపించారు. గోళాలను ఎలా పడితే అలా కుదిపి నింపితే సుమారు 64 శాతం దగ్గర కదలకుండా బిగుసుకుంటాయి. వరసగా పేరిస్తే 74 శాతం వరకు పడతాయి. అంటే 60 శాతం దగ్గర ఉన్న రెండు అమరికలను పోల్చి చూస్తే, వరసగా ఉన్నదానిలో ఒక్కొక్క గోళానికి మసలడానికి చోటు ఎక్కువ.

తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంటులో గంటల తరబడి కూర్చున్నవారికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. జనం ఎటు పడితే అటు కూర్చుంటే ఎవరికీ కాలు చాపుకునే వీలుండదు. అందరూ ఒకే దిక్కుకు తిరిగి వరసలుగా సర్దుకుంటే, అంతే జనం, అంతే గది, కానీ ప్రతివారికీ జానెడు చోటు మిగులుతుంది. గోళాల విషయంలో ఆ జానెడు చోటే ఎంట్రోపీ. కేంద్రాల స్థానంలో క్రమం వచ్చినందువల్ల కొంత ఎంట్రోపీ పోయినా, ప్రతి గోళమూ తన చోట అటూ ఇటూ మెదలగలిగే స్వేచ్ఛ వల్ల దక్కే ఎంట్రోపీ దానికంటే ఎక్కువ. నానో స్ఫటికాల విషయంలో ఎంట్రోపీతో పాటు తోకల మధ్య స్వల్ప ఆకర్షణ కూడా కలిసి పనిచేస్తుంది కనుక, ఇది కేవలం గట్టి గోళాల లెక్క కాదు. అయినప్పటికీ దారి చూపేది ఆ లెక్కే అని నా అభిప్రాయం.

ఇప్పుడు గ్రిడ్ మీది బొట్టు దగ్గరకు వద్దాం. మూడు మిల్లీమీటర్ల వ్యాసం గల గ్రిడ్‌ను సన్నని పట్టకారుతో అంచు దగ్గర పట్టుకొని, మైక్రోపిపెట్‌తో బొట్టు వేస్తాము. వేసిన వెంటనే అది ముదురు తేనె రంగులో ఉబ్బెత్తుగా ఉంటుంది. అంచు గ్రిడ్‌కు పట్టుకుపోతుంది. మధ్యలో కంటే అంచులో ద్రావణి త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్య నుంచి ద్రవం అంచుకు ప్రవహిస్తూ కణాలను మోసుకుపోతుంది. చొక్కా మీద ఒలికిన కాఫీ ఆరిన తరువాత మరక అంచు ఎందుకు ముదురుగా ఉంటుందో 1997లో చికాగో విశ్వవిద్యాలయంలో డీగన్ తదితరులు వివరించినది ఈ ప్రవాహాన్నే. సూపర్ లాటిస్ కోరుకునేవారికి ఇది మొదటి శత్రువు: అంచులో దట్టమైన గట్టు, మధ్యలో బోడి కార్బన్ పొర మిగులుతాయి.

దీనికి విరుగుడు కూడా చికాగో నుంచే వచ్చింది. 2006లో బిజియోని, జేగర్ తదితరులు ద్రావణంలో డోడికేన్ థయోల్ కొంచెం ఎక్కువగా ఉంచితే కణాలు బొట్టు పైతలానికి అంటుకొని, అక్కడే దీవులుగా పెరిగి, ఒకే కణం మందం గల పొరగా విస్తరిస్తాయని చూపించారు. టోలీన్ ఆవిరవుతూ పైతలం కిందికి దిగుతుంటే, వ్యాపనంతో తప్పించుకుపోయే లోపే కణాలు ఆ తలానికి చిక్కుతాయి. చిక్కిన తరువాత తలం మీదనే జరుగుతూ దీవి అంచును చేరుకుంటాయి. అంటే ఈ మార్గంలో మొదట్లో ఆవిరి వేగంగా పోవడమే మేలు చేస్తుంది. నెమ్మదిగా ఆరనివ్వాలన్న సలహా మందమైన, మూడు దిశల్లో పెరిగే స్ఫటికాలకు వర్తిస్తుంది. ఒంటిపొరకు అదే సలహా గుడ్డిగా ఇవ్వకూడదు.

మా ఊరి వాతావరణం ఈ పనిలో పెద్ద భాగస్వామి. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటినప్పుడు ఫ్యాను కింద హెక్సేన్ బొట్టు కళ్ళముందే మాయమవుతుంది. కణాలకు చోటు వెతుక్కునే వ్యవధి ఉండదు, సూక్ష్మదర్శినిలో పగుళ్ళు తప్ప మరేమీ కనిపించవు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలంలో మరో రకం బెడద. ద్రావణి వేగంగా ఆవిరైతే బొట్టు చల్లబడుతుంది, తేమ నిండిన గాలి నుంచి సన్నని నీటి బిందువులు దాని మీద పేరుకుంటాయి, అవి ఆరిన చోటల్లా పొరలో గుండ్రని కన్నాలు మిగులుతాయి. పరిష్కారం చౌకైనదే. గ్రిడ్‌ను పెట్రి డిష్‌లో పెట్టి, పక్కనే టోలీన్‌తో తడిపిన వడపోత కాగితం ఉంచి, మూత వేసి, ఫ్యూమ్ హుడ్‌లో ఎవరూ కదపని మూల వదిలిపెట్టాలి. లోపల ద్రావణి ఆవిరి నిండి ఉంటుంది కనుక బొట్టు గంటల తరబడి ఆరుతుంది, బయటి తేమ లోపలికి రాదు. హెక్సేన్ 69 డిగ్రీల దగ్గర, టోలీన్ 110 డిగ్రీల దగ్గర మరుగుతాయన్న తేడాను కూడా వాడుకోవచ్చు. మా వేసవిలో టోలీనే నయం.

గ్రిడ్ తయారయ్యాక ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కోసం ఎదురుచూపు. బయటి సంస్థకు నమూనా పంపి వంతు వచ్చేదాకా ఆగడం చిన్న కళాశాలలన్నింటికీ అలవాటైన సంగతే కాబట్టి దాని గురించి ఇక్కడ ఏకరువు పెట్టను. చూడడంలో ఒక జాగ్రత్త మాత్రం చెబుతాను. గ్రిడ్ మీద వందల చదరపు గళ్ళు ఉంటాయి. వాటిలో ఎక్కడో ఒక మూల అందమైన వరస దొరకడం గొప్ప కాదు. ఫొటోకు ఫూరియే రూపాంతరం (వరసల క్రమాన్ని చుక్కలుగా చూపే గణిత ప్రక్రియ) తీస్తే ఆరు చుక్కలు సూదిమొనల్లా వచ్చినంత మాత్రాన గ్రిడ్ అంతా అలా ఉందని అనుకోకూడదు. చిన్న కోణంలో ఎక్స్ కిరణాల పరిక్షేపణ చేస్తే మొత్తం నమూనా సగటు తెలుస్తుంది, అక్కడ శిఖరాలు సన్నగా వస్తేనే నేను నమ్ముతాను. రెండు పొరలు కొంచెం మెలిపడి ఒకదాని మీద ఒకటి పడినప్పుడు వలయాలు, పువ్వుల వంటి నమూనాలు కనిపిస్తాయి. అవి కొత్త నిర్మాణాలు కావు, మోయిరే నమూనాలు. కుర్రవాళ్ళు వాటిని చూసి ఉబ్బితబ్బిబ్బవుతుంటారు.

ఈ రంగం బంగారంతో మొదలు కాలేదు. 1989లో డెన్మార్క్‌లో బెంట్‌జన్ బృందం ఇనుప ఆక్సైడ్ కణాల్లో, 1995లో అమెరికాలోని ఎంఐటీలో మరే, కేగన్, బావెండి కాడ్మియం సెలినైడ్ కణాల్లో సూపర్ లాటిస్‌లను చూపించారు. ఆ బావెండికే 2023లో క్వాంటం డాట్ల (ఇటువంటి అర్ధవాహక నానో స్ఫటికాల) మీద పనికి రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఒకే రకం గోళాలతో అయితే వచ్చేవి రెండు మూడు అమరికలే. రెండు కొలతల కణాలను కలిపినప్పుడు కథ రసవత్తరమవుతుంది. 2006లో షెవ్‌చెంకో, తలాపిన్, కోటోవ్, ఒబ్రియన్, మరే బంగారం, వెండి, పల్లాడియం, సీసం సెలినైడ్, ఇనుప ఆక్సైడ్ వంటి కణాలను జతలు జతలుగా కలిపి పదిహేనుకు పైగా వేర్వేరు జంట జాలకాలను రాబట్టారు. వాటిలో సోడియం క్లోరైడ్ తరహావి ఉన్నాయి, ఒక పెద్ద కణానికి పదమూడు చిన్న కణాలు ఉన్నవి కూడా ఉన్నాయి. ఈ పదమూడు లెక్కను ప్రకృతి ముందే వేసిపెట్టింది: శాండర్స్, మరే అనే ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1978లోనే ఒపాల్ రాయిలో రెండు కొలతల సిలికా గోళాల జంట అమరికలను వర్ణించారు. ఈ మరే వేరు, ఆ మరే వేరు. 2009లో తలాపిన్ తదితరులు 13.4 నానోమీటర్ల ఇనుప ఆక్సైడ్ కణాలను 5 నానోమీటర్ల బంగారు కణాలతో కలిపి పన్నెండు మడతల సౌష్ఠవం గల క్వాసీ స్ఫటికాన్ని చూపించినప్పుడు, ఆవర్తనం లేని క్రమం కూడా ఒక బొట్టు ఆరడంతోనే రాగలదని రుజువైంది.

కణాలు గోళాలే కానక్కరలేదు. అష్టముఖి ఆకారపు వెండి స్ఫటికాలు ఒకదానికొకటి ముఖాలు ఆనించుకొని పేర్చుకుంటే చోటులో దాదాపు 94.7 శాతం నిండుతుంది. మిన్‌కోవ్‌స్కీ గణితంలో చూపిన 18/19 అన్న భిన్నమే అది. 2012లో బర్క్‌లీలో హెన్‌జీ, పైడాంగ్ యాంగ్ తదితరులు వెండి బహుముఖులను ఇలా పేర్చి చూపించారు.

కణాలకు డీఎన్ఏ పోగులు అంటించి, ఆ పోగులు జతకూడడం ద్వారా కణాలను కలిపే మార్గం గురించి ఎక్కువగా వింటుంటాము. 1996 ఆగస్టులో మిర్కిన్ బృందం, అలివిసాటోస్ బృందం నేచర్ పత్రిక ఒకే సంచికలో ఈ ఆలోచనను ప్రచురించాయి. అయితే మొదట వచ్చినవి క్రమం లేని గుంపులే. నిజమైన త్రిమితీయ స్ఫటికాలు రావడానికి 2008 దాకా ఆగవలసివచ్చింది. గుంపును డీఎన్ఏ ద్రవీభవన ఉష్ణోగ్రత దగ్గర ఉంచితే డీఎన్ఏ జతలు విడిపోతూ కలుస్తూ ఉంటాయి, అప్పుడే కణాలు సర్దుకోగలవు. ఒకే రకం జత వాడితే ఫలక కేంద్రిత ఘనం, రెండు రకాలు వాడితే అంతఃకేంద్రిత ఘనం వచ్చాయి. ఏ జాలకం కావాలో ముందే రాసిపెట్టుకునే వీలు దీని గొప్పతనం. ఖర్చు, నీటిలో మాత్రమే పనిచేయడం దీని ఇబ్బందులు. మా వంటి ప్రయోగశాలకు థయోలే గతి, అందుకు నాకు చింత లేదు.

ఇంత కష్టపడి పేర్చి ఏం చేస్తారని అడిగేవారికి నేను 1997 నాటి ఒక ప్రయోగం చెబుతాను. కోలియర్, హీత్ తదితరులు వెండి స్ఫటికాల ఒంటిపొరను నీటి మీద పరచి, పక్కల నుంచి నెమ్మదిగా నొక్కారు. కణాల మధ్య ఖాళీ అర నానోమీటరు కంటే తగ్గేసరికి పొర లోహపు తళుకుతో మెరిసింది, అంటే ఎలక్ట్రాన్లు ఒక కణానికి చెందినవిగా కాక పొర మొత్తానికి చెందినవయ్యాయి. నొక్కుడు వదిలితే మళ్ళీ పాత స్థితికి వచ్చింది. పదార్థాన్ని మార్చకుండా, దూరాన్ని మాత్రమే మార్చి, విద్యుత్ బంధకాన్ని లోహంగా చేయడం ఇది. 2007లో జేగర్ బృందం బంగారు కణాల ఒంటిపొరను చిన్న రంధ్రాల మీద ఆధారం లేకుండా పరచి సూదితో నొక్కి చూసింది. తోకల పట్టు తప్ప మరే ఊతమూ లేని ఆ పొరకు గిగాపాస్కల్ స్థాయి యంగ్ గుణకం (సాగదీతను ఎదిరించే బిరుసుదనానికి కొలత) ఉందని తేలింది.

బంగారు లవణం ధర చూసి వెనుకాడే అధ్యాపకులకు ఒక మాట. పక్కనున్న చిత్తూరు జిల్లాలో కుప్పం దగ్గర చిగురుగుంటలో బంగారు గని ఉన్నంత మాత్రాన లవణం మనకు చౌకగా రాదు. ట్రైహైడ్రేట్ రూపంలో కొనే క్లోరోఆరిక్ ఆమ్లంలో బరువులో సగమే బంగారం. కానీ సిట్రేట్ పద్ధతికి మిల్లీగ్రాములు చాలు, సూక్ష్మదర్శిని లేకుండానే ఒక అమరికను కంటితో చూడవచ్చు. 2004లో రైన్‌కే, వాన్‌మేకెల్‌బర్గ్ తదితరులు వివరించిన పద్ధతి ఇది. గాజు గొట్టంలో ఎర్రని సిట్రేట్ బంగారు ద్రావణం పోసి, దాని మీద హెప్టేన్ పొర నిలిపి, ఇథనాల్‌ను చుక్క చుక్కగా గోడ వెంట వదలాలి. ఇథనాల్ కణాల మీది ఆవేశాన్ని తగ్గిస్తుంది. కణాలు కింది నీటిని వదిలి, నీరూ హెప్టేనూ కలిసే తలానికి చేరి, ఒంటిపొరగా పరచుకుంటాయి. గొట్టాన్ని కిటికీ వైపు తిప్పి పొర గుండా చూస్తే నీలంగా, కాంతి పడేవైపు నుంచి చూస్తే పసిడి మెరుపుతో కనిపిస్తుంది. కింది ద్రావణం ఎరుపు పలచబడుతుంది. ఇథనాల్ ఒక్కసారిగా కుమ్మరిస్తే మాత్రం పొర రాదు, ద్రావణం మధ్యలోనే నీలిమడ్డి దిగుతుంది. హెప్టేన్ ఇట్టే అంటుకునే ద్రవం కనుక దగ్గర్లో బర్నర్ వెలగకుండా చూసుకోవాలి. ప్రయోగం అయ్యాక ఆ ద్రవాలను సింకులో పారబోయకుండా బంగారు వ్యర్థాల సీసాలో పోసి దాచితే, ఏడాది చివర అందులోని బంగారాన్ని తిరిగి రాబట్టుకోవచ్చు.